పాఠకుల ప్రశ్నలు - జవాబులు: న్యూ ఐస్‌లాండ్‌లో పాడుబడ్డ ఇళ్లు

ప్రశ్న: విన్నిపెగ్‌లో ఉంటున్నాం. గిమ్లీ వైపు వెళ్తుంటే పొలాల మధ్య కూలిపోతున్న దుంగల ఇళ్లు కనిపిస్తాయి. అవన్నీ ఐస్‌లాండ్ నుంచి వచ్చినవాళ్లు వదిలేసినవేనా? ఎందుకు వదిలేశారు?
- ఒక పాఠకుడు, విన్నిపెగ్

జవాబు: అన్నీ కావు. కెనడాలో మానిటోబా రాష్ట్రంలో, విన్నిపెగ్ సరస్సు పడమటి ఒడ్డున ఐస్‌లాండ్ వలసదారులు స్థిరపడ్డ ప్రాంతమే న్యూ ఐస్‌లాండ్, గిమ్లీ అందులోని ఊరే. ఆ భూములు 1897 దాకా ఐస్‌లాండ్ వాళ్లకే కేటాయించి ఉన్నాయి. ఆ తర్వాత అందరికీ తెరిచారు, యుక్రెయిన్ రైతులు పెద్ద సంఖ్యలో వచ్చారు. గోడలకు మట్టి మెత్తి సున్నం కొట్టిన ఇల్లయితే అది చాలావరకు వాళ్లదే. దుంగల మీద పలకలు కొట్టిన ఇల్లయితే ఐస్‌లాండ్ వాళ్లది కావచ్చు. అయితే ఇల్లు చూసి మనిషిని తేల్చకండి, కాగితం చూసి తేల్చండి.

మొదటి గుంపు, సుమారు 285 మంది, 1875 అక్టోబరు 21న గిమ్లీకి కాస్త దక్షిణంగా విల్లో పాయింట్ దగ్గర దిగింది. వాళ్లలో ఎక్కువమంది అంతకుముందు ఏడాది ఆంటారియోలోని కిన్‌మౌంట్‌లో ప్రయత్నించి విసిగినవాళ్లు. 1875లోనే అస్క్యా అగ్నిపర్వతం పేలి తూర్పు ఐస్‌లాండ్ పచ్చిక బయళ్లను బూడిద కప్పేసింది. మరుసటి ఏడాది ఇంకో 1,200 మంది దాకా వచ్చారు. ఆ చలికాలంలోనే మశూచి సోకి వందమందికి పైగా పోయారు. రాకపోకలపై నిషేధం 1877 జూలై దాకా ఎత్తలేదు. 1880లో విన్నిపెగ్ సరస్సు పొంగి పశువుల మేత కొట్టుకుపోయింది. మతపరమైన చీలిక ఒకటి అప్పటికే ఉంది: పాస్టర్ పౌల్ థోర్లాక్సన్ వెంట చాలా కుటుంబాలు అమెరికాలోని డకోటాలో పెంబినా ప్రాంతానికి తరలిపోయాయి. 1883 తర్వాత మళ్లీ కొత్తవాళ్లు వచ్చారు. అందుకే ఒకే భూమి ముక్క మీద రెండు మూడు కుటుంబాల పేర్లు కనబడితే కంగారు పడనక్కర్లేదు.

వాళ్లు దిగిన నేల కూడా ఖాళీది కాదు. ఐస్‌లాండిక్ నది ఒడ్డున శాండీ బార్ ఆదివాసులు అప్పటికే ఉన్నారు. అదే మశూచి వాళ్లనూ తుడిచిపెట్టింది. వాళ్లలో జాన్ రామ్సే తన భార్య బెట్సీ సమాధికి తెప్పించిన పాలరాయి గుర్తు ఇప్పటికీ ఉంది. పాడు ఇళ్లు చూడబోయేవాళ్లు దాన్ని కూడా చూడాలని మా అభిప్రాయం.

ప్రశ్న: మా అల్లుడి పూర్వీకులు ఐస్‌లాండ్ నుంచి వచ్చారు. ఇంట్లో ఒక పాత కాగితం మీద ‘ఎన్.డబ్ల్యూ. 10-19-4 ఈ1’ అని ఉంది. ఆ చోటు ఎలా పట్టుకోవాలి?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అది అక్కడి సర్వే నంబరు. ఎడమ నుంచి చదవండి: వాయవ్య పావు, 10వ సెక్షన్, 19వ టౌన్‌షిప్, 4వ రేంజి (టౌన్‌షిప్‌ల నిలువు వరస), సర్వేకు ఆధారంగా పెట్టుకున్న ప్రధాన రేఖాంశానికి తూర్పు. టౌన్‌షిప్ అంటే పట్నం కాదు, ఆరు మైళ్ల చతురస్రం. అందులో 36 సెక్షన్లు. ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు, దాంట్లో పావు 160 ఎకరాలు. ఒక కుటుంబానికి ఇచ్చేది ఆ పావు.

సెక్షన్ల లెక్కలో అందరూ తప్పుతారు. ఒకటో నంబరు ఆగ్నేయ మూలన మొదలై పడమటికి ఆరు దాకా వెళ్తుంది. ఏడు ఆ ఆరు నెత్తిన ఉంటుంది, అక్కణ్నుంచి వరస తూర్పుకు తిరుగుతుంది. అలా అరక తిప్పినట్టు వంకర తిరుగుతూ 36 ఈశాన్య మూలకు చేరుతుంది. ఈ లెక్కన మీ పదో సెక్షన్ మూడో సెక్షన్‌కు సరిగ్గా ఉత్తరాన ఉంటుంది. ఇంకో ప్రమాదం చివరి అక్షరం. ‘ఈ’ బదులు ‘డబ్ల్యూ’ అని చదివితే నలభై మైళ్లకు పైగా పడమట తేలతారు. మీరు రాసిన 19-4 ఈ1 గిమ్లీ ఉన్న టౌన్‌షిప్పే, కాబట్టి సందేహం అక్కర్లేదు.

చోటు తెలిశాక రెండు కాగితాలు వెతకండి. ఒకటి పట్టా. 1870-1930 మధ్య పడమటి కెనడాలో ఇచ్చిన పట్టాల సూచిక లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాలో ఆన్‌లైన్‌లో ఉంది. పేరుతో దొరక్కపోతే భూమి నంబరుతో వెతకండి. రెండోది హోమ్‌స్టెడ్ (సాగు కోసం ప్రభుత్వమిచ్చిన భూమి) ఫైలు. అసలు సరుకు అందులోనే. 1872 నాటి కెనడా భూముల చట్టం ప్రకారం పది డాలర్లు కట్టి, మూడేళ్లు నివాసముండి, కొంత భూమి దున్నితేనే పట్టా వచ్చేది. అందుకే పట్టా దరఖాస్తులో ఎప్పుడొచ్చి ఉన్నారు, ఏ ఏడాది ఎన్ని ఎకరాలు దున్నారు, ఎన్ని పశువులు, ఇంటి కొలతలు, దాని విలువ, కంచె ఎంత అన్నీ రాయించుకున్నారు. పక్క రైతులిద్దరి ప్రమాణ వాంగ్మూలాలూ ఉంటాయి. ఐస్‌లాండ్ వాళ్లు అప్పటికి డెన్మార్క్ ప్రజలు కాబట్టి, పౌరసత్వ పత్రం కూడా కలిసి ఉండే అవకాశముంది. డకోటాకు వెళ్లిన శాఖ అయితే అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌ను అడగాలి. అక్కడ గడువు అయిదేళ్లు.

ఇక పేరు. వాళ్లకు ఇంటిపేరు లేదు, తండ్రి పేరుకు ‘సన్’ లేదా ‘డోట్టిర్’ చేరుస్తారు. కెనడా గుమస్తా చేతిలో యోన్సన్ కాస్తా జాన్సన్ అయ్యాడు. అన్నదమ్ములు రెండు పేర్లతో స్థిరపడటమూ ఉంది. కవి స్టెఫాన్ జి. స్టెఫాన్సన్ పుట్టుపేరు స్టెఫాన్ గుడ్‌ముండుర్ గుడ్‌ముండ్సన్. అందుకని పేరు ఒక్కదాన్నే పట్టుకోకండి. పుట్టిన ఏడాది, భార్య పేరు, ఐస్‌లాండ్‌లో ఉన్న పొలం పేరు మూడూ కలిపి సరిచూడండి. ఐస్‌లాండ్ పాత పత్రికలు చాలావరకు టిమారిట్ డాట్ ఐఎస్‌లో ఉచితంగా ఉన్నాయి. విన్నిపెగ్‌లో అచ్చయిన లోగ్‌బెర్గ్, హైమ్స్‌క్రింగ్లా కూడా అక్కడే దొరుకుతాయి. చనిపోయినవారి గురించి వాటిలో వచ్చిన వ్యాసాలు వంశవృక్షానికి బాగా పనికొస్తాయి.

ప్రశ్న: ఇలాంటి దుంగల ఇల్లు మొదట ఎక్కడ పాడవుతుంది? ఎలా నిలబెడతారు?
- ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: పైకప్పు కారుతుంది, అడుగు దుంగ కుళ్లుతుంది, మిగతావన్నీ వాటి ఫలితాలు. చెట్లు లేని ద్వీపంలో గడ్డిపెళ్లల గోడలతో ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఇక్కడికొచ్చి దుంగలు పేర్చడం నేర్చుకున్నారు. మొదటి ఇళ్లు చాలావరకు పచ్చి కొయ్యతో హడావుడిగా లేపినవి, ఎండాక సందులు పడ్డాయి.

ముందు కప్పు కింద నీరు ఆపండి, టార్పాలిన్ అయినా సరే. తర్వాత సూదిమొనతో దుంగలు పొడిచి చూడండి. అంగుళం కన్నా లోతు దిగితే ఆ ముక్క పోయినట్టే. అడుగు దుంగ మార్చాలంటే పై దుంగలను స్క్రూ జాకీలతో ఎత్తాలి, అదీ రోజుకు కొన్ని మిల్లీమీటర్లే. తొందరపడితే మూలల్లో కోతలు చీలతాయి. కొత్త దుంగ పాతదాని జాతి కొయ్యే కావాలి. నేలకు, కొయ్యకు మధ్య ఎనిమిది అంగుళాలు ఖాళీ ఉంచండి.

చాలా ఇళ్లను చంపింది దుంగల సందుల్లో పెట్టిన సిమెంటు. కొయ్య ఉబ్బి ముడుచుకుంటుంది, సిమెంటు కదలదు. వాటి మధ్య పడిన సన్నని గీతలోంచి నీరు దిగి, బయటికి రాలేక, దుంగను లోపల్నుంచి తినేస్తుంది. ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక, లేదా పాతకాలంలోలాగే మట్టి, గడ్డి వాడండి. పూత దుంగ అంచుకన్నా కాస్త లోపలికి ఉండాలి, లేకపోతే నీళ్లు దాని మీద నిలుస్తాయి.

‘అసలు రూపం’ పేరుతో తర్వాత చేర్చిన గదులను పీకేయొద్దు. ఆల్బర్టాలో మార్కర్‌విల్ దగ్గర కవి స్టెఫాన్సన్ ఇల్లు ఒక్కో గదీ చేరుతూ పెరిగింది. దాన్ని ఆయన పోయిన 1927 నాటి రూపంలోనే నిలబెట్టారు. అది సరైన పని.

ప్రశ్న: ఆ ఇళ్లలోకి వెళ్లొచ్చా? పాత సీసాలూ తాళాలూ తెచ్చుకుంటే తప్పా?
- ఒక పాఠకుడు, బ్రాండన్

జవాబు: పొలం యజమానిని అడక్కుండా అడుగు పెట్టకండి. వస్తువులు తీయడం మానిటోబా వారసత్వ చట్టం ప్రకారం నేరం కావచ్చు. నేలలో దొరికే చారిత్రక వస్తువులు ప్రభుత్వానివి, తవ్వడానికి అనుమతి కావాలి. ఫొటో తీసి, జీపీఎస్ గుర్తు రాసుకుని, మ్యూజియానికి చెప్పండి.

ఇల్లు పూర్తిగా పోయినా చోటు తెలుస్తుంది. పొలం మధ్య లైలాక్ పొద, కారగానా కంచె, రేవల్‌చిన్ని మొక్కలు, చతురస్రపు గుంట కలిసి కనిపిస్తే అది పాత ఇంటి నేలమాళిగే. అక్కడ గడ్డిలో నడిచేటప్పుడు ముందు కర్రతో పొడుస్తూ వెళ్లండి, కుళ్లిన పలకల కింద బావి ఉండొచ్చు. లోపల ఎలుకల పెంట ఉంటే ఊడ్చకండి, దుమ్ములో ఊపిరితిత్తులను దెబ్బతీసే హంటావైరస్ ఉండొచ్చు. తలుపులు తెరిచి అరగంట ఆగి, ఒక పాలు బ్లీచుకు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి చల్లి, నానాక, ఎన్95 మాస్కు, చేతొడుగులతో తడిగుడ్డతో తీయండి. వేసవిలో గడ్డిలోని పిడుదులు (రక్తం పీల్చే పురుగులు) అంటుకుంటాయి, ప్యాంటు అంచు సాక్సులోకి దోపుకోండి.

పిల్లలతో వెళ్లాలంటే గిమ్లీలోని న్యూ ఐస్‌లాండ్ హెరిటేజ్ మ్యూజియం, హెక్లా ద్వీపంలోని ఊరు చాలు. ఆగస్టు మొదటి వారాంతంలో ఐస్‌లాండ్ పండగ జరుగుతుంది, బస ముందే బుక్ చేసుకోండి.