ఆ కోర్సు మీకెందుకు?

"మాది ఖమ్మం. పెళ్లయి రెండేళ్లు. ఇంటికి చుట్టాలొస్తే గంటసేపు బాగానే మాట్లాడతాను. తర్వాత తల బరువెక్కి గదిలోకి వెళ్లిపోతాను. కోడలికి పొగరంటున్నారు. ఇద్దరమే ఉంటే నా నెమ్మదితనం హాయంటారు మా ఆయన. నలుగురిలో మాత్రం 'నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని మా ఆవిడ భయం' అని అందరినీ నవ్విస్తారు. కలుపుగోలుగా మారాలంటే ఏ కోర్సులో చేరాలి?"

ఏ కోర్సూ వద్దు. గంటసేపు బాగా మాట్లాడే మనిషికి కొత్తగా మాటలు నేర్పేదేముంది? మీరు అంతర్ముఖులు, అంటే నలుగురిలో త్వరగా అలసిపోయి, ఒంటరిగా ఉంటే తేరుకునే మనిషి. 1921లో స్విస్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ మనస్తత్వాల రకాల గురించి రాసినప్పుడే దీన్ని స్వభావమన్నారు, జబ్బనలేదు. బిడియం వేరు. మాట్లాడాలని ఉండీ, ఎవరేమనుకుంటారోనని గుండె దడదడలాడి వెనక్కి తగ్గడం, అది ఆరు నెలలకు పైగా సాగి పనులకు అడ్డం రావడం జరిగితే క్లినికల్ సైకాలజిస్టును కలవాలి. మీ ఉత్తరంలో భయం కనిపించలేదు, అలసటే కనిపించింది.

అసలు చిక్కు మీ ఆయనతో. భార్యను నలుగురిలో పలచన చేసి, గదిలో మెచ్చుకుంటే సరిపోదు. ఆయన నవ్వుతున్నారు కాబట్టే మిగతావాళ్లకు అంత ధైర్యం. అదే రాత్రి అడగకండి. అలసట మీద ఏడుపొస్తుంది, 'జోకు కూడా అర్థం కాదా' అని ఆయన తప్పించుకుంటారు. మర్నాడు తీరిగ్గా ఉన్నప్పుడు ఆ మాటను గుర్తుచేసి, 'ఇకమీదట నలుగురిలో నామీద ఇలాంటి జోకులొద్దు' అనండి. అంతే, సంజాయిషీలు పెంచకండి. మళ్లీ అంటే అక్కడే, నవ్వకుండా, 'వద్దన్నానుగా' అనండి. కాస్త గొడవవుతుంది. కానివ్వండి.

మీ పొరపాటూ ఒకటుంది: చెప్పకుండా వెళ్లిపోవడం. పొగరన్న పేరు తెచ్చింది మౌనం కాదు, ఆ మూసిన తలుపు. తల బరువెక్కకముందే, ముప్పావుగంటకే, 'అత్తయ్యా, పావుగంట డాబా మీదికి వెళ్లొస్తా' అని చెప్పి వెళ్లండి, చెప్పిన టైముకే దిగి రండి. ఫోన్ కిందే వదిలేయండి, వాట్సాప్ గ్రూపులో ఉన్నదీ చుట్టాలే కదా.

శుభకార్యాలకు అరగంట ముందే చేరుకోండి. జనం పలచగా ఉన్నప్పుడు ఒక్కొక్కరితో మాట్లాడటం మీకు తేలిక. తాంబూలం సంచులు సర్దే పని పుచ్చుకోండి. చేతిలో పనున్న మనిషిని 'ఏంటమ్మా, ఉలకవు పలకవు' అని ఎవరూ అడగరు. విన్నది గుర్తుపెట్టుకోవడం మీలాంటివాళ్లకు బాగా అబ్బే విద్య, దాన్ని వాడండి. పోయినసారి మోకాళ్ల నొప్పులన్న పెద్దత్తగారి పక్కన కూర్చుని, 'ఇప్పుడెలా ఉంది?' అని అడిగి చూడండి. తర్వాత పది నిమిషాలూ ఆవిడే మాట్లాడతారు.