చిన్న మునిసిపల్ బడి: చేర్చే ముందు ఇవి చూడండి

అమలాపురంలో మీ ఇంటి దగ్గరి మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలో 40 మందే పిల్లలున్నారని, పాపను చేర్చాలా వద్దా అని అడిగారు కదండీ. ఆ సంఖ్య చూసి టెన్షన్ పడకండి. విద్యా హక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు ఇద్దరు టీచర్లుండాలి. ఇద్దరూ రోజూ వస్తున్నారా, ఒక్కరే ఐదు తరగతులూ లాక్కొస్తున్నారా అన్నదే అసలు సంగతి.

హెడ్‌మాస్టర్ గారిని అడిగి ఒక మధ్యాహ్నం వెళ్లండి. మన లంకల గన్నవరం అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరుతో బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం పిల్లలు ఇష్టంగా తింటున్నారా చూడండి. మూడో తరగతి పిల్లలతో తెలుగు వాచకంలో ఒక పేజీ చదివించండి. నేనైతే దాన్నే ఎక్కువ నమ్ముతాను. వాన పడిన మర్నాడు ఆవరణలో నీళ్లు నిలుస్తున్నాయా, మరుగుదొడ్డికి నీళ్లొస్తున్నాయా కూడా గమనించండి. మా బాబుని ఇలా చూసుకున్నాకే చేర్చాం.