ఈఈఈ చదువుతున్న అమ్మాయి, స్మార్ట్ గ్రిడ్ ఉద్యోగం

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువులు సాగు చేస్తాం. మా అమ్మాయి కాకినాడలో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) మూడో సంవత్సరం పూర్తి చేసింది. స్మార్ట్ గ్రిడ్‌లో (మీటర్లు, సెన్సర్లు, కంప్యూటర్ల సాయంతో నడిచే కరెంటు సరఫరా వ్యవస్థలో) క్లిష్టమైన నిర్ణయాలకు కంప్యూటర్ సాయం అందించే రంగంలోకి వెళ్తానంటోంది. బంధువులేమో ఎలక్ట్రికల్ వదిలేసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అయ్యా, మీ అమ్మాయి మంచి రంగాన్నే ఎంచుకుంది. అయితే అందులో రాణించాలంటే ఎలక్ట్రికల్ సబ్జెక్టును వదలకూడదు, దానిపై పట్టు ఇంకా పెంచుకోవాలి.

ఆ పని ఎలాంటిదో మీకు తెలిసిన చోటు నుంచే చెబుతాను. అర్ధరాత్రి దాటాక ఒక 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు కరెంటు తెచ్చే లైను) ట్రిప్ అయి, అంటే దానంతటదే ఆగిపోయి, కరెంటు పోయిందనుకోండి. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే తెల్లవారేలోపు ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలతాయని మీకొకరు చెప్పనక్కరలేదు. పక్క సబ్‌స్టేషన్ నుంచి సరఫరా మళ్లించే వీలున్నా, అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ ఆ అదనపు లోడ్‌ను మోయగలదా, లైను చివర వోల్టేజి మోటార్లు కాలిపోయేంతగా తగ్గుతుందా, ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా స్టార్ట్ అయితే ఆ ఫీడర్ కూడా ట్రిప్ అవుతుందా, తెగిన తీగ దగ్గర లైన్‌మన్ ఎవరైనా పనిలో ఉన్నారా అన్నవి నిమిషాల్లో తేలాలి. మీటర్లు, సెన్సర్ల నుంచి వచ్చే సమాచారాన్ని లెక్కగట్టి, లైన్లను కలిపే ఏ స్విచ్ ఆన్ చేస్తే ఎందరికి సరఫరా వస్తుందో, అందులో ముప్పేమిటో చూపుతూ రెండు మూడు మార్గాలను ఆపరేటర్ ముందుంచే వ్యవస్థను తయారుచేయడమే మీ అమ్మాయి చెబుతున్న పని. నిర్ణయం మాత్రం బాధ్యత వహించే ఇంజినీరుదే. తన సూచనకు కారణం చూపలేని ప్రోగ్రామును రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి నమ్మడు, నమ్మకూడదు.

రాష్ట్ర స్థాయిలో ఇదే పని ఇంకా పెద్దది. రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలుగా చేసి, ఏ భాగంలో ఎంత కరెంటు కావాలో ముందే అంచనా కట్టి, సాయంత్రం సౌర విద్యుత్తు పడిపోయే వేళకు ప్రత్యామ్నాయం సిద్ధం చేసి, ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్ దగ్గర నిలబెట్టాలి. 2012 జూలై 30న ఉత్తర గ్రిడ్, మర్నాడు దానితోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి. అప్పుడు మధ్యప్రదేశ్‌లోని బీనా–గ్వాలియర్ లైనులో ఫాల్ట్ (లోపం) ఏమీ లేదు. అధిక లోడ్‌నే ఫాల్ట్‌గా లెక్కించిన రిలే (లోపం కనబడితే లైనును ఆపేయించే రక్షణ పరికరం) ఆ లైనును గ్రిడ్ నుంచి విడదీసింది. వోల్టేజి తగ్గి కరెంటు పెరిగితే డిస్టెన్స్ రిలేకు (వోల్టేజి, కరెంటును బట్టి ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో లెక్కగట్టే రిలేకు) ఏం కనిపిస్తుందో తెలియని వారికి, ఎంత బాగా కోడ్ రాయడం వచ్చినా, ఇలాంటి ప్రమాదాన్ని పసిగట్టే ప్రోగ్రాం రాయడం సాధ్యం కాదు.

కాబట్టి ఆఖరి సంవత్సరంలో పవర్ సిస్టమ్స్, ప్రొటెక్షన్ (రిలేల వంటి రక్షణ ఏర్పాట్లు) శ్రద్ధగా చదవమనండి. ప్రాబబిలిటీ, ఆప్టిమైజేషన్ (ఉన్న మార్గాల్లో మేలైనదాన్ని తేల్చే గణితం) బాగా రావాలి. ఈ రెండింటి దగ్గరే మన పిల్లలు ఎక్కువగా తడబడతారు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషను సాయంత్రాల్లో నేర్చుకోవచ్చు. స్మార్ట్ గ్రిడ్ పేరుతో నెల రోజుల్లో సర్టిఫికెట్ ఇస్తామనే కోర్సులకు వేలు పోయవద్దు. కరెంటు లైన్ల తీరును కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపే ఓపెన్‌డీఎస్‌ఎస్, పాండాపవర్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో 33 బస్‌ల (లైన్లు కలిసే చోట్ల) నమూనా ఫీడర్‌ను తీసుకుని, రాత్రిపూట ఏరియేటర్ల లోడ్ పెట్టి, ఒక లైను తెగితే అందులోని 5 టై లైన్లలో (అవసరమైనప్పుడు మాత్రమే కలిపే ప్రత్యామ్నాయ లైన్లలో) ఏది కలపాలో తేల్చే ప్రాజెక్టు చేస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి గట్టి విషయం ఉంటుంది.

గేట్ (ఇంజినీరింగ్ విద్యార్థులకు జాతీయ స్థాయిలో జరిగే పరీక్ష) తప్పక రాయించండి. పవర్‌గ్రిడ్, గ్రిడ్ ఇండియా వంటి కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థలు ఆ స్కోరుతోనే ఇంజినీర్ ట్రైనీలను తీసుకుంటున్నాయి. ఎంటెక్ సీటుకూ అది పనికొస్తుంది. డిస్కంలలో (కరెంటు పంపిణీ సంస్థల్లో) ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టుల నోటిఫికేషన్ ఏటా రాదు కనుక దాని కోసమే ఇంట్లో కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. కంట్రోల్ రూముల్లో రాత్రి షిఫ్టులు ఉంటాయన్న సంగతి మాత్రం ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

ప్రాజెక్టు అంశం ఖరారు చేసే ముందు, మీ ఏఈగారి అనుమతి తీసుకుని అమ్మాయిని దగ్గరి 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కు తీసుకువెళ్లండి. లాగ్ బుక్‌లో గంట గంటకూ రాసే వోల్టేజి, ఆంపియర్లు చూసి, లైను పోయిన రాత్రి ముందుగా దేన్ని చూస్తారో అక్కడి షిఫ్ట్ ఆపరేటర్‌నే అడిగి రాసుకోమనండి.