దోషం పేరు వినగానే ముందు లెక్క పెట్టు

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవించి రాసేది.

నీ మెసేజ్ చూశాను. యాప్‌లో మీ ఇద్దరి వివరాలు కొడితే 36కి 14 గుణాలే కలిశాయని, నీకు కుజదోషం, ఆ అబ్బాయికి కాలసర్పదోషం అని ఎర్ర అక్షరాల్లో చూపించిందని, అప్పటినుంచి మీ అమ్మకి నిద్ర లేదని రాశావు. సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్ళాలా, వెళ్తే ఏం అడగాలి అన్నావు. వెళ్ళు, తప్పేం లేదు. కాకపోతే ముందు ఒక కాగితం, పెన్ను తీసుకుని కూర్చో. నలభై ఏళ్ళుగా పైసా తీసుకోకుండా జాతకాలు చూస్తున్నాను. అందులో నాకు అబ్బిన మంచి అలవాటు ఒక్కటే. ఏ దోషం పేరు విన్నా, అది ఎంతమందికి ఉంటుందో ముందు లెక్క కట్టడం.

కుజదోషమే తీసుకో, భార్యకో భర్తకో కీడని భయపెట్టేది. మన వైపు చెప్పే శ్లోకం ప్రకారం 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే దోషం. పన్నెండు గళ్ళలో ఐదు పోయాయి, అంటే నూటికి నలభై మందికి పైనే. కొందరు లగ్నాన్ని (పుట్టిన వేళకి తూర్పున ఉదయించే రాశిని, అంటే ఒకటో స్థానాన్ని) కూడా కలుపుతారు, అప్పుడు సగం మంది. అక్కడితో ఆగితే బాగుండేది. లగ్నం నుంచి చూడాలి, చంద్రుడి నుంచి చూడాలి, శుక్రుడి నుంచి కూడా చూడాలి అంటారు. ఐదు స్థానాలనే మూడు చోట్ల నుంచీ లెక్కేస్తే పదిమందిలో సుమారు ఎనిమిది మందికి ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఇక దోషం లేనివాళ్ళనే వింతగా చూడాలి! శాస్త్రం చెప్పినవాళ్ళకి ఈ ఇబ్బంది తెలియక కాదు. కుజుడు తన సొంత ఇళ్ళయిన మేషం, వృశ్చికంలో ఉన్నా, ఉచ్చపట్టే (బాగా బలం పుంజుకునే) మకరంలో ఉన్నా దోషం లేదన్నారు, ఇద్దరికీ ఉంటే చెల్లుకి చెల్లు అన్నారు. ఇలాంటి మినహాయింపులు ఇంకా చాలా ఉన్నాయి. నీ యాప్ సగం చెప్పి ఊరుకుంది. మీ అత్తయ్య జాతకంలో కుజుడు ఏకంగా సప్తమంలోనే కూర్చున్నాడు. మాకు పెళ్ళై ముప్పై ఎనిమిదేళ్ళు. నాకు షుగర్ వచ్చిన మాట నిజమే కానీ అది కుజుడి పని కాదు, నా నోటి పని.

కాలసర్పం సంగతి ఇంకా విచిత్రం. రాహుకేతువుల మధ్య ఒకే వైపు ఏడు గ్రహాలూ ఉంటే ఆ పేరు పెడుతున్నారు. పాతకాలపు జ్యోతిష పండితుడు వరాహమిహిరుడి బృహజ్జాతకం తిరగేస్తే ఈ దోషం కనబడదు. అందులో సర్పయోగం అని ఒకటి ఉంది కానీ దానికీ రాహువుకీ సంబంధం లేదు, పాపగ్రహాలు కేంద్రాల్లో (1, 4, 7, 10 స్థానాల్లో) ఉండటాన్ని బట్టి చెప్పింది. పేరు దగ్గరగా ఉంది కాబట్టి జనం కలిపేసుకున్నారు. ఇంకో మాట. మిగతా గ్రహాలన్నీ ఒక వైపు చేరిన రోజుల్లో చంద్రుడు కూడా ఆ వైపున ఉన్నంతసేపూ, అంటే దాదాపు రెండు వారాలు, ఏ ఊళ్ళో ఏ బిడ్డ పుట్టినా ఈ దోషం ఉన్నట్టే. ఆ అబ్బాయితో పాటు పుట్టిన లక్షల మందికీ అదే.

ఏలినాటి శని పేరు ఇంకా ఎత్తలేదు కదా, రేపో మాపో ఎత్తుతారు. శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్ళు ఉంటాడు. మన రాశి, దానికి ముందుది, వెనకది కలిపితే ఏడున్నరేళ్ళు. పన్నెండింట్లో మూడు రాశులవాళ్ళకి ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. అంటే లోకంలో పావువంతు మందికి. నలుగురున్న ఇంట్లో ఎవరో ఒకరికి ఉండటం మామూలే.

ఇప్పుడు ఆ 14 మార్కులు. దాన్ని మీ ఇద్దరి మనసులకి పెట్టిన పరీక్ష అనుకుంటున్నావు. ఆ 36 మార్కులూ పంచుకున్న ఎనిమిది కూటాలూ (పొంతనలూ) కేవలం చంద్రుడున్న నక్షత్రం, రాశిని బట్టి లెక్కేస్తారు. లగ్నంతో పని లేదు, మిగతా గ్రహాలు ఎక్కడున్నాయన్న ధ్యాస లేదు. ఆ అబ్బాయి నక్షత్రంలో అదే పాదంలో పుట్టిన ప్రతి మగవాడితోనూ నీకు సరిగ్గా 14 వస్తాయి, వాడు బుద్ధిమంతుడైనా తాగుబోతైనా. ఇందులో నాడీకూటం ఒక్కదానికే 8 మార్కులు. ఇద్దరిదీ ఒకే నాడి అయితే సున్నా. నాడులు మూడే కాబట్టి ముక్కూమొహం తెలియని ఇద్దర్ని కలిపినా మూడింట ఒకసారి ఆ ఎనిమిదీ గల్లంతు. నీ 14లో అదే జరిగిందేమో చూడు.

యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అయనాంశ ఏది పెట్టారో కూడా చూడు. మన రాశిచక్రానికీ, వసంత విషువత్తు నుంచి లెక్కపెట్టే సాయన రాశిచక్రానికీ ఇప్పుడు సుమారు 24 డిగ్రీల తేడా ఉంది, దాన్నే అయనాంశ అంటారు. సంక్రాంతికి ఉత్తరాయణం వస్తుందంటాం కానీ సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీల్లో. ఆ మూడు వారాల పైచిలుకు రోజులే ఈ తేడా. దాన్ని ఎంతని తీసుకోవాలన్న దగ్గర పండితుల మధ్య పేచీ. లాహిరి లెక్కకీ రామన్ లెక్కకీ దాదాపు ఒకటిన్నర డిగ్రీ తేడా. చంద్రుడు అంత దూరం నడవడానికి సుమారు మూడు గంటలు పడుతుంది. నక్షత్రం చివర్లో పుట్టినవాళ్ళకి నక్షత్రమే మారిపోవచ్చు. పుట్టేనాటికి శుక్ర దశ (జాతకంలో శుక్రుడికి కేటాయించిన ఇరవై ఏళ్ళ కాలం) నడుస్తుంటే దశ తేదీలన్నీ రెండేళ్ళకి పైగా జరుగుతాయి. నాకైతే ఇంట్లో రెండు జాతకాలున్నాయి. ఒకటి పాత సూత్రాలతో లెక్కకట్టే పూర్వపద్ధతి పంచాంగంతో రాసింది, ఒకటి ఆకాశంలో కనబడేదానితో సరిచూసే దృక్ పంచాంగంతో. రెండిట్లో నా పాదం వేరు. కుర్రతనంలో ఏది బాగుంటే దాన్ని నమ్మేవాణ్ణి.

ఇదంతా వేదాల్లోంచి చెక్కుచెదరకుండా వచ్చింది, అందులో వేలుపెట్టకూడదు అని మీ పెద్దనాన్న అంటాడు, నాకు తెలుసు. మన పాత జ్యోతిష గ్రంథమైన వేదాంగ జ్యోతిషంలో నక్షత్రాలు, తిథులు ఉన్నాయి. మేషం, వృషభం లాంటి రాశులు లేవు, వారాలు కూడా లేవు. వరాహమిహిరుడే రాశులకి క్రియ, తావురి అని గ్రీకు పేర్లు రాశాడు, ఈ శాస్త్రం తెలిసిన యవనులు (గ్రీకులు) కూడా ఋషుల్లా పూజ్యులే అన్నాడు. ఆయనకి లేని పట్టింపు మనకెందుకో. మరి ఇది సైన్సా అంటావు. కాదు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ మహారాష్ట్రలో చదువులో చురుకైన పిల్లల జాతకాలు, మానసిక ఎదుగుదల లేని పిల్లల జాతకాలు కలిపేసి ఎవరు ఎవరో చెప్పమని జ్యోతిష్కులకి పంపారు. 2009లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సగటున సగం కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. బొమ్మాబొరుసు వేసినా అంతకంటే వచ్చేవి. అది చదివి నేను వారం రోజులు పంచాంగం ముట్టుకోలేదు. తర్వాత మళ్ళీ తీశాను. ఆ లెక్కలంటే ఇష్టం నాకు, ఏం చెయ్యను?

అయితే ఒక సంగతి ఇంతవరకు మీ అమ్మకి కూడా చెప్పలేదు. ముప్పై ఏళ్ళ వయసులో ఒకాయన సంబంధం చూపించి అడిగితే, అమ్మాయిది మూల, మామగారికి మంచిది కాదంటారు అని అనేశాను. పుస్తకంలో చదివిన ముక్క. మూల మామగారికి, ఆశ్లేష అత్తగారికి, జ్యేష్ఠ బావగారికి, విశాఖ మరిదికి అని ఒక వరస ఉందిలే. 27 నక్షత్రాల్లో నాలుగు, అంటే ప్రతి ఏడుగురు ఆడపిల్లల్లో ఒకరు. ఆ లెక్క ఆరోజు కట్టలేదు. పాదం ఏదని కూడా అడగలేదు. ఆ సంబంధం తప్పిపోయింది. ఆ పిల్ల తండ్రి తర్వాత ఎదురైనప్పుడు నమస్కారం పెట్టాడు, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కాబట్టి సిద్ధాంతిగారి దగ్గరికి మీ అమ్మని ఒక్కదాన్నే పంపకు, నువ్వూ వెళ్ళు. ఏ పంచాంగం, ఏ అయనాంశ వాడతారో ముందే అడుగు. మంచివాడైతే సంతోషంగా చెప్తాడు, విసుక్కుంటే లేచి వచ్చెయ్. దోషం అనగానే మినహాయింపులు చూశారా అని అడుగు. హోమానికి ఇంత, ఉంగరానికి ఇంత అని లిస్టు మొదలైతే, ఇంటికెళ్ళి ఆలోచించుకుంటాం అని చెప్పు. అక్కడికక్కడ డబ్బు ఇవ్వద్దు. అన్నిటికంటే ముందు ఆ అబ్బాయితో రెండుసార్లు విడిగా మాట్లాడు. జీతం, అప్పులు, ఆరోగ్యం, నీ ఉద్యోగం గురించి వాళ్ళింట్లో ఏమనుకుంటున్నారో. ఇవేవీ ఏ చక్రంలోనూ ఉండవు.

ఆ అబ్బాయి పుట్టిన టైము ఎవరు రాసిపెట్టారో, ఆసుపత్రి కాగితంలో ఉన్నదా లేక వాళ్ళ నాయనమ్మ గుర్తున్నంతలో చెప్పిందా, అది కనుక్కో. లగ్నం రెండు గంటలకోసారి మారినా, నవాంశ (రాశిలో తొమ్మిదో వంతు) పావుగంట లోపే మారిపోతుంది. కనుక్కున్నాక ఫోన్ చెయ్యి, తొమ్మిది లోపు. ఆ తర్వాత మీ అత్తయ్య ఫోన్ లాక్కుంటుంది.