నేను చదివినవి నలుగురికీ చెప్పుకోవడం తప్పా?

ప్రశ్న: నా వయసు 47. మాది హనుమకొండ. ఒక ప్రైవేటు కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తాను. చిన్నప్పుడు బాపు ప్రతి ఆదివారం నన్ను రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం గ్రంథాలయానికి తీసుకుపోయేవాడు. అప్పటినుంచి చదవడం అలవాటైంది. పెళ్లయ్యాక కూడా ఆదివారం ఫోన్ చేస్తే "ఏం చదువుతున్నవ్ బిడ్డా" అనే మొదలుపెట్టేవాడు. ఆయన పోయి ఏడాదిన్నర అయింది.

ఇంటర్ రోజుల నుంచి చదివిన ప్రతి పుస్తకం పేరు, తేదీ, రెండు మూడు వాక్యాలు లాంగ్ నోట్‌బుక్కుల్లో రాసుకుంటున్నాను. ఇప్పుడు నాలుగోది నడుస్తోంది. నెట్‌లో నచ్చిన వ్యాసాల లింకులు నా నంబరుకు నేనే వాట్సాప్‌లో పంపుకుంటాను. తర్వాత వెతికితే దొరకవు. ఇవన్నీ ఒకచోట పెట్టి సొంతంగా చిన్న వెబ్‌సైట్ చేసుకోవాలని ఆశ. ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి "నేను చేసిస్తా అమ్మా" అని ఎనిమిది నెలలైంది. గుర్తుచేస్తే విసుక్కుంటాడు. మా ఆయన "దాంతో ఏమన్నా పైసలొస్తాయా? నువ్వేం చదివావో ఊరందరికీ ఎందుకు?" అంటారు. ఈ మధ్య ఫ్యామిలీ గ్రూపులో ఒక నవల గురించి నాలుగు ముక్కలు రాస్తే, మా మరిది "వదినకు వంట తొందరగా అయిపోతున్నట్టుంది" అని పెట్టాడు. అందరూ నవ్వే ఎమోజీలు పెట్టారు. మా ఆయన కూడా. ఆ రోజు నుంచి నోట్‌బుక్ తెరిస్తే ఏడుపొస్తోంది. ఈ వయసులో నాకిది అవసరమా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అడిగింది వెబ్‌సైట్ గురించి. కానీ మీ ఉత్తరంలో నేను రెండు చోట్ల ఆగిపోయాను. ఒకటి "మా ఆయన కూడా" అన్నచోట. రెండోది, బాపు పోయిన సంగతి ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయినచోట.

ఇన్నేళ్లూ మీరు చదివినదాని గురించి అడిగే మనిషి ఒకరున్నారు. ఆ ఫోను ఆగిపోయింది. ఆ తర్వాతే కదా మీరు అబ్బాయిని వెబ్‌సైట్ అడిగింది, గ్రూపులో నవల గురించి రాసింది. చెప్పుకునే మనిషి లేక అక్కడ చెప్పుకున్నారు. అక్కడ నవ్వారు. మరిది గారి మాట మామూలు రోజుల్లో అయితే మీరు ఆ పూటకే మరిచిపోయేవారేమో. ఇప్పుడు తగిలింది పచ్చిపుండు మీద.

అవసరమా అన్నారు. అవసరమే, చేసుకోండి. అయితే ఒక్కటి విడదీసి చూడండి. ఇంట్లోవాళ్లు మీ చదువును గౌరవించాలన్నది ఒక కోరిక. చదివినవాటికి ఒక చోటు ఉండాలన్నది మరో కోరిక. రెండూ న్యాయమైనవే. కానీ వెబ్‌సైట్ చూసి మీ వారు మారతారని ఆశ పెట్టుకుంటే, ఆయన ఆ పేజీ తెరవని ప్రతి రోజూ మీకు ఓటమిలాగే ఉంటుంది. ఆయనతో మాట్లాడాల్సింది ఆయనతోనే మాట్లాడాలి.

మాట్లాడేటప్పుడు వెబ్‌సైట్‌తో మొదలుపెట్టకండి. టీవీ లేనప్పుడు, ఇంట్లో మీరిద్దరే ఉన్నప్పుడు, "ఆ రోజు గ్రూపులో మీరు కూడా నవ్వారు. మరిది అన్నదానికంటే అదే నాకు బాధనిపించింది. బాపు పోయినప్పటి నుంచి పుస్తకాల మాట ఎత్తడానికి నాకెవరూ లేరు" అని చెప్పి ఆగండి. పాతవన్నీ తవ్వి తీయకండి. ఆయన వెంటనే ఏమీ అనకపోవచ్చు. చాలామంది మగవాళ్లు ఇలాంటి మాటకు ఆ క్షణంలో తడుముకుంటారు, తర్వాత ఆలోచిస్తారు. ఆ నవ్వు మీకు ఇంత గుచ్చుకుందని బహుశా ఆయనకు తెలిసి ఉండదు. చెప్పకుండా తెలుసుకోవాలని ఎదురుచూస్తే మీరే నలిగిపోతారు.

ఆయన అభ్యంతరాల్లో ఒకదాన్ని మాత్రం కొట్టిపారేయకండి. "ఊరందరికీ ఎందుకు" అన్నదాంట్లో ఎగతాళే కాదు, భయం కూడా ఉండొచ్చు. ఆడవాళ్ల ఫొటోలు, ఫోన్ నంబర్లు నెట్‌లో ఎలా దుర్వినియోగం అవుతున్నాయో ఆయనా వింటూనే ఉంటారు. కాబట్టి మీ పేజీలో ఫోన్ నంబరు, ఇంటి ఫొటో, పనిచేసే కాలేజీ పేరు వద్దు. మా ఊరికి వెళ్తున్నాం, ఇల్లు తాళం వేశాం లాంటి కబుర్లూ వద్దు. పూర్తి పేరు ఇష్టం లేకపోతే కలం పేరు పెట్టుకోండి. వ్యాఖ్యలు రాసే వీలు తీసేయండి. ఈ జాగ్రత్తలన్నీ ముందే అనుకున్నానని ఆయనకు చెప్పండి. అనుమతి అడిగినట్టు కాకుండా, ఒక నిర్ణయం చెప్పినట్టు చెప్పండి. పైసల సంగతీ చెప్పేయండి: దీంతో ఏమీ రావు, మొదట్లో ఏమీ పోవు కూడా.

మరిది గారి విషయంలో పెద్దగా ఆలోచించాల్సిన పనిలేదు. మళ్లీ అలా రాస్తే "నేను చదివినదాని గురించి రాశాను, నువ్వూ చదివితే చెప్పు, మాట్లాడుకుందాం" అని ఒక్క ముక్క రాసి వదిలేయండి.

ఇక అబ్బాయి. వాడికి అమ్మంటే లెక్కలేదని అనుకోకండి. ఆ చదువులో ఉన్న పిల్లలు వెబ్‌సైట్ అనగానే లాగిన్, డిజైన్, డేటాబేస్ అని ఒక పెద్ద ప్రాజెక్టు ఊహించుకుంటారు. పరీక్షలయ్యాక చేద్దాం, సెలవుల్లో చేద్దాం అని జరుపుతూ పోతారు. మీరు వాడిని చేసిపెట్టమని అడిగారు. ఇకనుంచి నేర్పమని అడగండి. "ఈ ఆదివారం పొద్దున గంటసేపు నా పక్కన కూర్చో. కీబోర్డు మీద చెయ్యి నాదే, నువ్వు చెప్పు చాలు" అనండి. నా పట్టుదల ఎందుకంటే, వాడు చేసిపెడితే మీరు ఒక్కో పుస్తకం చేర్చాలన్నా వాడిని పిలవాలి. రేపు ఉద్యోగానికి బెంగళూరో పూణేనో వెళ్తే మీ పేజీ అక్కడితో ఆగిపోతుంది. ఆ ఆదివారం కూడా వాడికి వీలు కాకపోతే, మీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసేవాళ్లను అడగండి. అకౌంట్స్‌లో ఏళ్ల తరబడి కంప్యూటర్ వాడిన చెయ్యి మీది. ఇది మీకు కష్టం కాదు.

అసలు మొదటి వెబ్‌సైట్ ఎలా ఉండేదో తెలుసా? టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో తయారుచేసి, 1991 ఆగస్టులో బయటివాళ్లకు చెప్పారు. బొమ్మలు లేవు, రంగులు లేవు. అక్షరాలు, లింకులు, అంతే. మీ నోట్‌బుక్కూ, మీకు మీరు పంపుకున్న లింకులూ కలిపితే అయ్యేది సరిగ్గా అదే.

రెండే పేజీలు చాలు. ఒకటి చదివినవి, చదువుతున్నవి. రెండోది లింకులు. వర్డ్‌ప్రెస్ లాంటి చోట ఉచితంగా ఖాతా తెరిచి ఫోన్ నుంచే మొదలుపెట్టొచ్చు. అబ్బాయి నేర్పుతానంటే మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైలు (వెబ్ పేజీలు రాసే పద్ధతిలో ఉన్న ఫైలు) రాసి, అలాంటి పేజీలను నెట్‌లో ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టడం కూడా ఉచితమే. ఆ దారిలో వెళ్తే ఫైలును యూటీఎఫ్-8 అనే, అన్ని భాషల అక్షరాలనూ దాచుకునే పద్ధతిలో సేవ్ చేయమని, అది అలా ఉందని పేజీ మొదట్లోనే రాయమని వాడికి గుర్తుచేయండి. లేకపోతే తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి.

మూడు నాలుగు నెలలు గడిచాక కూడా ఇష్టం నిలిస్తే సొంత డొమైన్, అంటే వెబ్‌సైట్‌కు మీదైన చిరునామా, కొనుక్కోండి. ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలవుతుంది. ఈ ఖర్చు దండగ అని నేను అనుకోను, దానికి నా కారణం ఉంది. నేను కూడా ఇలాంటి జాబితా ఒక ఉచిత సర్వీసులో కొన్నేళ్లు రాసుకున్నాను. వాళ్లు దుకాణం కట్టేశారు. నేను ఆ మెయిల్ చూసేసరికి గడువు దాటింది, రాసిందంతా పోయింది. పెద్దవాళ్ల దగ్గరా ఇదే జరుగుతుంది. 1990లలో లక్షల మంది సొంత పేజీలు కట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసేసింది. డొమైన్ మీదైతే, సిమ్ కంపెనీ మారినా నంబరు మారనట్టు, పేజీని ఎక్కడికి తరలించినా చిరునామా అదే ఉంటుంది. కొనేటప్పుడు మీ పేరు, ఇంటి చిరునామా బయటివాళ్లకు కనిపిస్తాయా అని మాత్రం అడిగి తెలుసుకోండి. నెలకోసారి పేజీల కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. నోట్‌బుక్ రాయడం అస్సలు మానకండి. అసలు ప్రతి అదే.

ఇప్పుడు లింకుల సంగతి, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. లింకు ఒక్కటే పెడితే అది అడ్రసు చీటీ మాత్రమే. అక్కడికి ఎందుకు వెళ్లాలో మీరు చెప్పాలి. "ఇది చదివాక మా ఊరి చెరువు గుర్తొచ్చింది" అన్నా సరిపోతుంది. దానితోపాటు వ్యాసం పేరు, రాసినవారు, పత్రిక, తేదీ కూడా తప్పకుండా రాయండి. వెబ్‌లో పేజీలు చెప్పకుండా మాయమవుతాయి. పేరూ తేదీ ఉంటే మరోచోట వెతుక్కోవచ్చు. వెబ్ పేజీల పాత ప్రతులను దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషిన్‌లో ఒక పేజీ చిరునామా ఇచ్చి, ఆ రోజుకు అది ఎలా ఉందో భద్రపరచమనే వీలుంది. బాగా నచ్చినవాటికి ఆ పని చేయండి, రెండు నిమిషాల్లో అయిపోతుంది.

వాట్సాప్‌లో తిరిగే నవలల పీడీఎఫ్‌ల లింకులు మాత్రం పెట్టకండి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత కూడా 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. పుస్తకం అమ్మే ప్రచురణకర్త పేరు రాయండి, లేదా భాషా నిలయంలో దొరుకుతుందని రాయండి. మీ ఊరివాళ్లకు అది ఇంకా పనికొస్తుంది.

ఎవరో రాసినవాటి జాబితా పెట్టడం కూడా ఒక పనేనా అని ఎవరైనా అంటే, శ్రీకాకుళంలోని కథానిలయాన్ని తలుచుకోండి. కాళీపట్నం రామారావు మాస్టారు స్వయంగా పెద్ద కథకులు. అయినా 1997లో తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని దాన్ని మొదలుపెట్టారు. పాత పత్రికలు వెతికి, ఎవరు ఏ కథ ఎప్పుడు రాశారో నమోదు చేయించారు. ఈరోజు పాత కథ కావలసినవాళ్లు అక్కడి జాబితానే వెతుక్కుంటారు. మీ నాలుగు నోట్‌బుక్కులు అంత పెద్దవి కాకపోవచ్చు. కానీ హనుమకొండలో ఒక ఉద్యోగిని ముప్పై ఏళ్లలో ఏమేం చదివింది, ఏ వయసులో ఏది నచ్చింది అన్న లెక్క మీ దగ్గర తప్ప ఎక్కడుంది? నేనైతే తప్పకుండా చదువుతాను.

మొదటి నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి అంతా ఎక్కించాలని కూర్చోకండి. రెండు వారాల్లో విసుగొచ్చి మొత్తం మూలన పడుతుంది. ఇప్పుడు నడుస్తున్న నాలుగో దాని నుంచి పది పుస్తకాలు ఎక్కించండి. పాతవి వానాకాలపు సాయంత్రాల్లో ఒక్కొక్కటీ వస్తాయి. వర్డ్‌ప్రెస్‌లో అయితే ఎంతమంది చూశారో చెప్పే లెక్క ఉంటుంది, దాన్ని ఆరు నెలలు తెరవకండి. ఇంకో మాట. నోట్‌బుక్‌లో పుస్తకం గురించి రాస్తూ రాస్తూ ఇంటి బాధలు కూడా రాసుకుని ఉంటారు, అందరం అలాగే రాస్తాం. అవి నోట్‌బుక్‌లోనే ఉండనివ్వండి. మీ వారి మీద కోపం, మరిది మాట ఆ పేజీలోకి రాకూడదు. కోపం పోయాక కూడా అవి అక్కడే కూర్చుంటాయి.

నోట్‌బుక్ తెరిస్తే ఏడుపొస్తోందన్నారు. రానివ్వండి, అది బాపు కోసం కూడా వస్తున్న ఏడుపు. అయితే నిద్ర సరిగా పట్టకపోయినా, తిండి మీద ధ్యాస పోయినా, వారాల తరబడి దేనిమీదా మనసు నిలవకపోయినా డాక్టరుకు చూపించుకోండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత ఫోన్ లైను ఉంది, నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మనుషులు కూడా కావాలి మీకు. వీలైన ఒక ఆదివారం భాషా నిలయానికి మళ్లీ వెళ్లండి. 1904 నుంచి ఉన్న గ్రంథాలయం అది, మీలాగే తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చినవాళ్లు అక్కడ ఇంకా కనిపిస్తారు. మీ వారిని కూడా రమ్మని అడగండి. రాకపోతే ఒక్కరే వెళ్లండి.

చదివినవాటి పేజీలో పై వరుస ఖాళీగా ఉంచి, అక్కడ బాపు మీ చేతికిచ్చిన మొదటి పుస్తకం పేరు రాయండి. తేదీ గుర్తులేకపోతే "ఒక ఆదివారం" అని రాస్తే చాలు. పేజీ తయారయ్యాక లింకు నాకు పంపండి. ఏం చదువుతున్నారో కూడా రాయండి.