వంట చేసే గంటకు విలువ కట్టడం ఎలా?

ప్రశ్న: మేమిద్దరమూ ఉద్యోగాలు చేస్తున్నాం. వారంలో ఐదు రాత్రులు బయటే భోంచేస్తాం. వంటకు పట్టే సమయానికి నా జీతం ప్రకారం విలువ కట్టి చూస్తే ఇంటి వంటే ఎక్కువ ఖరీదని తేలింది. ఈ లెక్క తప్పని మా వారంటున్నారు. ఎవరి మాట సరైనది?

జవాబు: సమయానికి విలువ కట్టాలన్న మీ ఆలోచన సబబైనదే. ఇంటిపనికి వెచ్చించే సమయం కూడా ఖర్చేనని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1965లోనే వివరించారు. అయితే ఆ గంటకు మీ జీతాన్ని ధరగా వేయాలంటే, వంట మానిన గంటలో మీరు నిజంగా ఆ జీతం సంపాదించగలగాలి. నెలజీతగాళ్లకు సాయంత్రం ఒక గంట ఖాళీ దొరికినంత మాత్రాన ఆదాయం పెరగదు కాబట్టి, ఎలాగూ చేతికి రాని డబ్బు మీ లెక్కలో ఖర్చుగా చేరిపోయింది.

అందుకే వంట మీకు గంటకు ఎంత మిగులుస్తోందో చూడమంటాను. బయట ఇద్దరి భోజనం బిల్లు 100 అనుకుందాం. హోటళ్లలో సరుకుల ఖర్చు సాధారణంగా బిల్లులో మూడో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. తక్కినది సిబ్బంది జీతాలకు, అద్దెకు, ఇంధనానికి, లాభానికి పోతుంది. మీరు చిల్లరగా కొంటారు కనుక అవే సరుకులకు 40 వేసుకోండి. కొన్నదాంట్లో ఐదో వంతు పాడైతే ఆ 40 కాస్తా 50 అవుతుంది. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా ప్రకారం 2022లో దుకాణాలు, హోటళ్లు, ఇళ్లలో కలిపి వృథా అయిన సుమారు 105 కోట్ల టన్నుల ఆహారంలో 60 శాతం ఇళ్లలోనిదే. సగం సరుకు పారేసే ఇంట్లో ఆ 40 ఏకంగా 80 అయి, వంట వల్ల మిగిలేది బాగా తగ్గిపోతుంది.

మీ ఇంట్లో వృథా ఐదో వంతే అనుకుని, గ్యాసుకు మరో 5 కలిపితే మొత్తం 55 అవుతుంది, 45 మిగులుతుంది. సరుకులు తేవడానికి, వండడానికి, గిన్నెలు తోమడానికి గంటన్నర పడితే, బయటికి వెళ్లి, వేచి ఉండి, తిరిగి రావడానికీ ముప్పావుగంట పడుతుంది. అంటే వంటకు అదనంగా పట్టేది ముప్పావుగంటే. ఆ విశ్రాంతిని 45 ఇచ్చి కొనుక్కోవాలా అన్నదే మీరిద్దరూ తేల్చుకోవలసిన ప్రశ్న. ఒకసారి వండి రెండు పూటలకు వాడుకుంటే ఆ ధర ఇంకా మారుతుంది. పైగా మిగిలిన డబ్బుపై పన్ను ఉండదు. 20 శాతం పన్ను కట్టేవారు 45 చేతికి రావాలంటే 56కు పైగా సంపాదించాలి.

మీ వారి వాదనలోనూ ఒక లోపం కనిపిస్తోంది. మిగులు ఇద్దరికీ చెంది, వంట మీ ఒక్కరి నెత్తిన పడితే ఆ లెక్కను నేను ఒప్పుకోను. పని పంచుకున్న తరువాతే నిర్ణయం తీసుకోండి.

సరదాగా వెళ్లే రాత్రులను అలాగే ఉంచండి. కేవలం అలసట వల్ల బయట తింటున్న రెండు రాత్రులను ఎంచుకుని, నాలుగు వారాలు ఇంట్లో వండి, కొన్నదీ పారేసినదీ రాసుకోండి. మిగిలిన మొత్తాన్ని వారం వారం వేరే ఖాతాలోకి మార్చండి. మామూలు ఖాతాలోనే ఉంచితే అది మరో ఖర్చులో కలిసిపోతుంది.