డెన్వర్ కొండలకు వస్తున్నారా? టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తెల్లారకముందే బయలుదేరండి

ప్రతి ఏడూ మే నెల వచ్చిందంటే నాకు ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, జూలై నాలుగు లాంగ్ వీకెండ్‌కి రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ అనుకుంటున్నాం. మూడు ఫ్యామిలీలు, మూడు కార్లు. అమ్మావాళ్లు కూడా ఖమ్మం నుంచి వచ్చారు. పొద్దున టిఫిన్లు కానిచ్చి పదింటికి డెన్వర్‌లో బయలుదేరితే సరిపోతుంది కదా?"

సరిపోదు. పదింటికి బయలుదేరితే పదకొండున్నరకు గేటు, అక్కడ క్యూ, ఆ తర్వాత పార్కింగ్ కోసం చక్కర్లు, ఒంటిగంటకు నడక మొదలు. కొండ మీద ఉరుములు మొదలయ్యే వేళ సరిగ్గా అదే. కొలరాడోలో చాలా ఏళ్లుగా ఉంటున్నవాడిగా నేను చెప్పేది ఒకటే: ఇక్కడ వేసవిలో కొండెక్కేవాళ్లకు పగలు మధ్యాహ్నం పన్నెండింటికే అయిపోతుంది. తెల్లారగట్ల మొదలుపెట్టి, పన్నెండుకల్లా దిగిపోవాలి. మీరు అడిగే సందేహాల్లో సగం దీంతోనే తీరిపోతాయి.

ముందు పర్మిట్ సంగతి. మే చివరి నుంచి అక్టోబర్ మధ్య వరకు ఈ పార్కులోకి టైమ్డ్ ఎంట్రీ పర్మిట్ కావాలి, అంటే ఏ టైముకి లోపలికి వస్తారో ముందే బుక్ చేసుకునే చీటీ. ఇది మనిషికి కాదు, కారుకి. మూడు కార్లయితే మూడు బుక్ చేసుకోవాలి. చాలామంది ఒక్కటి తీసుకుని, మిగతా రెండు కార్లనూ గేటు దగ్గర నుంచి వెనక్కి తిప్పుకుంటారు. పర్మిట్లు రెండు రకాలు. బేర్ లేక్ రోడ్డుతో కలిపి ఇచ్చేది పొద్దున 5 నుంచి సాయంత్రం 6 దాకా అవసరం. అది లేకుండా మిగతా పార్కుకి ఇచ్చేది 9 నుంచి 2 దాకా. చూడదగ్గ చెరువులన్నీ బేర్ లేక్ వైపే ఉంటాయి కాబట్టి మొదటిదే తీసుకోండి. రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ బుకింగ్ సైట్‌లో ప్రతి నెలా ఒకటో తారీఖున, కొలరాడో టైమ్ ఉదయం 8 గంటలకు, తర్వాతి నెల పర్మిట్లు వదులుతారు. అంటే జూలై కావాలంటే జూన్ ఒకటిన డాలస్ వాళ్లు తొమ్మిదింటికి, న్యూజెర్సీ వాళ్లు పదింటికి లాగిన్ అయి కూర్చోవాలి. తత్కాల్ టికెట్ కొట్టిన చేతులకు ఇదేం కొత్త కాదు. దొరక్కపోతే ముందు రోజు సాయంత్రం 7 గంటలకు మరికొన్ని వదులుతారు. కిందటి వేసవుల్లో నడిచిన పద్ధతి ఇది, తేదీలు ఏటా ఒకసారి చూసుకోండి. ఇవేవీ దొరకలేదా? పొద్దున 5 లోపు గేటు దాటేస్తే పర్మిట్ అవసరమే లేదు. పార్కు ఎంట్రీ ఫీజు మాత్రం వేరే, అదీ కార్డుతోనే. క్యాష్ తీసుకోరు.

ఫీజు అన్నాను కాబట్టి ఇంకో మాట. 2026 జనవరి నుంచి రూల్స్ మారాయి. అమెరికాలో ఉండేవాళ్లకు ఏడాది పాస్ 80 డాలర్లు, విదేశాల నుంచి చూడ్డానికి వచ్చేవాళ్లకు 250. పాస్ లేకుండా వచ్చే విదేశీయుల్లో 16 ఏళ్లు, ఆ పైబడినవాళ్లు ఈ పార్కుతో సహా 11 పార్కుల్లో మామూలు ఫీజు మీద మనిషికి మరో 100 డాలర్లు కట్టాలి. కాబట్టి మీ స్టేట్ డ్రైవింగ్ లైసెన్స్ జేబులో ఉండాలి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల విషయంలో రూల్ ఏమిటో పార్క్ సర్వీస్ సైట్‌లో ఇంటి దగ్గరే చదువుకోండి. గేటు దగ్గర వెనకాల ఇరవై కార్లను ఆపి చదివే సంగతి కాదది.

ఇక పిడుగులు. మన దగ్గర నైరుతి వచ్చినట్టే ఇక్కడా జూలై, ఆగస్టుల్లో దక్షిణం నుంచి తేమ గాలి వస్తుంది. పొద్దుటి ఎండకు కొండ వాలు వేడెక్కుతుంది, ఆ తేమ గాలి పైకి లేస్తుంది, పదకొండింటికి తెల్లటి చిన్న మబ్బు, ఒంటిగంటకు అదే నల్లగా గుమ్మటమంత. పొద్దున ఆకాశం నీలంగా ఉందని నమ్మొద్దు. 2014 జూలైలో ఇదే పార్కులో వరసగా రెండు రోజుల్లో ఇద్దరు పిడుగుపాటుకు చనిపోయారు. అందులో ఒకటి జరిగింది ఎక్కడో మారుమూల శిఖరం మీద కాదు, రెయిన్‌బో కర్వ్ దగ్గర. కారాపుకుని ఫొటోలు దిగే చోటు అది. ఉరుము వినిపిస్తే చాలు, ఫొటో సగంలో ఉన్నా కారెక్కి అద్దాలు మూసుకోండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగొద్దు. నడుస్తూ ఉంటే చెట్లు లేని బోడి వాలు మీద నుంచి వీలైనంత త్వరగా కిందికి రండి. ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. "ఇంకో అరమైలేగా, అంత దూరం వచ్చి చూడకుండా పోతామా" అనేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. వాడి మాట వినకండి.

"మేం అలిపిరి మెట్లెక్కినవాళ్లం, ఈ మాత్రం నడవలేమా?" అంటారు. నడక సమస్య కాదు, ఎత్తు సమస్య. తిరుమల కొండ సుమారు మూడు వేల అడుగులు. తూర్పు కనుమల్లో పేరున్న అర్మకొండ 1,680 మీటర్లు. డెన్వర్ ఊరే 1,609 మీటర్లు. అంటే ఎయిర్‌పోర్టులో దిగేసరికే మీరు మన కొండల తలల ఎత్తున ఉంటారు. బేర్ లేక్ దగ్గర కారు దిగితే 9,475 అడుగులు. పార్కు గుండా పోయే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీద అతి ఎత్తయిన చోటు 12,183 అడుగులు. అక్కడ మన సముద్రతీరపు ఊళ్లతో పోలిస్తే ఊపిరికి అందే ఆక్సిజన్ దాదాపు మూడింట రెండు వంతులే. వెనక సీట్లో చిప్స్ ప్యాకెట్ ఉబ్బి, నొక్కితే పేలేలా తయారవుతుంది. దాన్ని చూస్తే లోపల మన ఒంటికేం జరుగుతోందో కొంత తెలుస్తుంది.

అందుకే డాలస్ నుంచి ఫ్లైట్ దిగిన రోజే పైకి ఎక్కకండి. మొదటి రాత్రి డెన్వర్‌లో, రెండో రాత్రి పార్కు పక్కనే 7,522 అడుగుల ఎత్తున ఉన్న ఎస్టెస్ పార్క్ అనే ఊళ్లో పడుకుని తర్వాత ఎక్కండి. మొదటి రోజు మద్యం జోలికి పోవద్దు, నీళ్లు బాగా తాగండి. తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం ఉంటే అది ఎత్తు వల్లే అనుకుని ఆగిపోండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మాట తడబడినా, అడుగు తూలినా ఆలోచించొద్దు, వెంటనే కిందికి. గ్యాస్ స్టేషన్‌లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాలు కొని ధైర్యంగా ఉండేవాళ్లని చూస్తుంటాను. డబ్బా కాసేపే, మందు మాత్రం కిందికి దిగడమే. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లయితే టికెట్లు కొనకముందే డాక్టర్‌ని అడగండి. వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకు ఎంతవరకు ఇస్తుందో కూడా చూసుకోండి. చవక పాలసీల్లో అక్కడే తిరకాసు ఉంటుంది.

పెద్దవాళ్లకు ఏం చూపించాలి అంటే, నేనైతే స్ప్రేగ్ లేక్‌తో మొదలుపెడతాను. చెరువు చుట్టూ మైలు లోపే చదునైన బాట, వీల్‌చెయిర్ కూడా పోతుంది. కూర్చోడానికి బెంచీలున్నాయి. గాలి లేని పొద్దున ఎదురుగా ఉన్న కొండలు నీళ్లలో కనిపిస్తాయి. ఆ తర్వాత ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు. ఎస్టెస్ పార్క్ నుంచి గ్రాండ్ లేక్ దాకా 48 మైళ్లు, అందులో 11 మైళ్లు చెట్టనేది మొలవనంత ఎత్తులో పోతుంది. పార్కు లోపల పెట్రోల్ బంకు లేదు, ఊళ్లోనే ట్యాంకు నింపుకోండి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టకుండా లో గేర్‌లో దిగండి. పైన ఆల్పైన్ విజిటర్ సెంటర్ దగ్గర జూలైలో కూడా గాలి చెవులు కోస్తుంది. చీర కింద స్పోర్ట్స్ షూస్, పైన స్వెటర్, నెత్తిన మంకీ క్యాప్, ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని నిలబడ్డ అమ్మలు అక్కడ ప్రతి వేసవీ కనిపిస్తారు. షార్ట్స్‌లో వచ్చి కారులోంచి దిగని కొడుకుల కంటే వాళ్లే తెలివైనవాళ్లు. అక్కడి నేల మీద జానెడు కూడా ఎదగని మొక్కలుంటాయి, తొక్కితే మళ్లీ కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. బాట మీదే నడవండి.

మోకాళ్లు బాగున్నవాళ్లకు బేర్ లేక్ నుంచి నింఫ్, డ్రీమ్, ఎమరాల్డ్ చెరువుల నడక. ఎమరాల్డ్ దాకా పోయి రావడానికి మూడున్నర మైళ్లు. మధ్యలో డ్రీమ్ లేక్ దగ్గరే ఆగిపోయినా నష్టం లేదు, నా ఓటు దానికే. జూన్‌లో వచ్చేవాళ్లు మాత్రం గుర్తుంచుకోండి, ఈ బాట మీద మంచు జూన్ చివరి దాకా ఉంటుంది. పొద్దున గట్టిపడి అద్దంలా జారుతుంది. షూస్‌కి తగిలించుకునే మైక్రోస్పైక్స్ ఎస్టెస్ పార్క్‌లో అద్దెకిస్తారు. లాంగ్స్ పీక్ గురించి అడిగే కుర్రాళ్లకు ఒకటే జవాబు. 14,259 అడుగుల ఆ శిఖరానికి అర్ధరాత్రి దాటగానే బయలుదేరాలి, పై భాగం నడక కాదు, చేతులతో పట్టుకుని ఎక్కడం. మొదటి ట్రిప్‌లో దాని పేరెత్తకండి.

నీళ్ల గురించి కాస్త కటువుగానే చెప్తాను. ఎండాకాలం రాగానే అమెరికాలో ఎక్కడో ఒక జలపాతం దగ్గరో, చెరువులోనో మన పిల్లలు పోయారన్న వార్త తెలుగు పేపర్లలో వస్తూనే ఉంది. మనలో చాలామందికి ఈత రాదు. వచ్చినా అది బావిలో, స్విమ్మింగ్ పూల్‌లో నేర్చిన ఈత. కరిగిన మంచు నీళ్లలో పడితే ఊపిరి ఒక్కసారి బిగుసుకుపోతుంది, చేతులు ఆడవు. జూన్‌లో మంచు కరిగి వాగులు ఉధృతంగా ఉంటాయి. హార్స్‌షూ ఫాల్స్ దగ్గర ఆల్యూవియల్ ఫ్యాన్ అనే చోట పెద్ద పెద్ద బండరాళ్లు పరుచుకుని ఉంటాయి. 1982 జూలైలో పైన లాన్ లేక్ కట్ట తెగి, వరద కొట్టుకొచ్చి పడేసిన రాళ్లవి. వాటి మీద నిలబడి రీల్స్ తీసుకునేవాళ్లు తడిసిన రాయి మీద పాచి ఎంత నున్నగా ఉంటుందో చూసుకోరు. నీళ్ల అంచున సెల్ఫీ వద్దు. ఎవరైనా పడితే వెనకాలే దూకొద్దు. రెండో ప్రాణం కూడా పోయేది అక్కడే.

ఏదైనా జరిగితే బిల్లుకు భయపడి 911 కొట్టకుండా ఆగకండి. కొత్తగా వచ్చిన స్టూడెంట్లలో ఈ భయం బాగా ఉంది. కొండ మీద వెతికి కిందికి తెచ్చే రెస్క్యూ బృందాలు ఇక్కడ డబ్బులు తీసుకోవు. అంబులెన్స్, ఆసుపత్రి బిల్లులు వేరే లెక్క, అవి తర్వాత చూసుకోవచ్చు. లోపల చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, విడిపోతే ఎన్నింటికి ఎక్కడ కలుసుకోవాలో పెద్దవాళ్లకు కారు దిగకముందే చెప్పి ఉంచండి.

జంతువుల దగ్గరికి పోకండి, ఉడతలకు చిప్స్ పెట్టకండి. దుప్పిలాంటి ఎల్క్‌కి 75 అడుగులు, అంతకంటే పెద్దదైన మూస్‌కీ, ఎలుగుబంటికీ 120 అడుగుల దూరం ఉండాలన్నది రూల్. టేపు అక్కర్లేదు. చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, బొటనవేలు నిలబెట్టండి. జంతువు వేలి చాటున పూర్తిగా దాగకపోతే వెనక్కి జరగండి. పులిహోర, పెరుగన్నం డబ్బాలు తిన్నాక కారులో కనిపించకుండా పెట్టి అద్దాలు బిగించండి. బ్లూటూత్ స్పీకర్ ఇంట్లో వదిలేసి రండి. ఇది రూల్ కాదు, నా విన్నపం.

మరి పన్నెండింటికే దిగొస్తే మిగతా రోజంతా ఏం చేయాలి? ఎస్టెస్ పార్క్‌లో తినండి, రూముకెళ్లి ఓ కునుకు తీయండి. పొద్దున మూడున్నరకు లేచిన ఒంటికి అది కావాలి. వాన వెలిశాక, సాయంత్రం 6 దాటితే బేర్ లేక్ రోడ్డుకి కూడా పర్మిట్ అక్కర్లేదు. జూలైలో ఎనిమిదిన్నర దాకా వెలుగుంటుంది. మొరైన్ పార్క్ మైదానంలో ఎల్క్ మందలు మేతకు దిగేది ఆ వేళకే, పిల్లలకు రోడ్డు పక్క నుంచే చూపించొచ్చు. అదే రాత్రి డెన్వర్ వెళ్లిపోవాలనుకుంటే మాత్రం చీకటి పడ్డాక 36 నంబర్ రోడ్డు మీద నెమ్మదిగా పోండి. ఆ జంతువులే రోడ్డు దాటుతుంటాయి, ఒకటి దాటిందంటే వెనక ఇంకో రెండు ఉన్నట్టే లెక్క.